తోటలో వెదురు: ఊతకర్రలు, పందిళ్లు, దడులు ఎక్కువ కాలం నిలవాలంటే

వెదురు బొంగు గాలికి వంగి మళ్లీ నిలబడుతుంది, కాయల బరువు మోస్తుంది, ఎండకు రంగు వెలిసినా ఇట్టే బలం కోల్పోదు. అది పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకేచోట: నేల మట్టానికి పైనా కిందా జానెడు మేర. కర్రను తినే బూజుకు తడీ కావాలి, గాలీ కావాలి. లోతుగా పాతిన భాగానికి గాలి సరిగా అందదు, పైభాగం వాన వెలిశాక ఆరిపోతుంది. రెండూ ఎప్పుడూ దొరికేది ఆ మధ్య జాగాలోనే. విరిగిన పాత గుంజను పీకి చూడండి. అడుగు గట్టిగానే ఉంటుంది, పైన గట్టిగానే ఉంటుంది, మధ్యలో మాత్రం గోటితో గీకితే పీచు పీచుగా ఊడి వస్తుంది.

ఏ మందూ పెట్టని బొంగు మట్టిని తాకుతూ ఉంటే 1 నుంచి 3 ఏళ్లు నిలుస్తుంది. అదే బొంగు నేలకు తగలకుండా, వాన పడని చోట ఉంటే 4 నుంచి 6 ఏళ్లు. అందుకే తోటలో వెదురుతో ఏది కట్టినా మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. ఏ ముక్క మట్టిని తాకుతుంది, ఏది తాకదు? తాకే ముక్కను సులువుగా మార్చుకునేలా కట్టాలి, లేదా దాన్ని అసలు వెదురుతో చేయకూడదు.

బొంగు ఎంపిక

వెదురు గడ్డిజాతి. పిలక నేలలోంచి బయటికి వచ్చేటప్పటికే దాని లావు ఖాయమైపోతుంది. కొద్ది నెలల్లో పూర్తి ఎత్తు అందుకుంటుంది. ఆ తర్వాత అది పెరగదు, గట్టిపడుతుంది అంతే. కాబట్టి పొడవూ లావూ చూసి వయసు చెప్పలేం. గుంజలకూ వాసాలకూ 3 ఏళ్లు దాటిన బొంగు కావాలి. ఏడాది బొంగు చూడ్డానికి ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది గానీ ఆరాక కణుపుల మధ్య ముడతలు పడి లోపలికి పీక్కుపోతుంది. దానిమీద బిగించిన కట్లన్నీ వదులైపోతాయి.

లేతదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. కణుపుల దగ్గర ఎండు తొడుగులు ఇంకా అంటిపెట్టుకుని ఉంటాయి, కణుపు కింద తెల్లటి పొడి వేలికి అంటుతుంది. ముదురు బొంగు రంగు మందగించి, పైన బూడిదరంగు మచ్చలు కట్టి ఉంటుంది. మెటికతో తట్టితే లేతది మొద్దుగా మోగుతుంది, ముదురుది ఖంగుమంటుంది.

కోసిన కొసలు చూడండి. కింద పిండిలాంటి మెత్తని పొడి రాలి ఉన్నా, గుండుసూది తలంత కన్నాలు కనిపించినా అది పుచ్చు పట్టిన బొంగు. ఒక్కటి తెచ్చి మిగతావాటి పక్కన పెడితే కట్టకట్టంతా పుచ్చుతుంది. రెండు కణుపుల మధ్య నిలువు పగులు ఒకటి ఉంటే ఊతకర్రకు పరవాలేదు. పగులు కణుపు దాటి అవతలికి పోయిందంటే గుంజకు పనికిరాదు.

సొంత పొదలోంచి కోసుకునేవాళ్లు పిలకలు వేసే వానాకాలంలో కోయకూడదు. వానలు తగ్గి చలి మొదలయ్యాక కోయాలి. నేల నుంచి మొదటి లేదా రెండో కణుపుకు సరిగ్గా పైన కోస్తే మోడులో నీళ్లు నిలవవు, పొద కుళ్లదు. కొసరు జాగ్రత్త ఇంకొకటి: పచ్చి బొంగును కోసీ కోయగానే తడినేలలో గుచ్చకండి. కొన్ని రకాలు, ముఖ్యంగా పసుపుపచ్చ కాండంతో అందానికి పెంచేవి, కణుపు దగ్గరి మొగ్గ నుంచి వేరు తన్ని చిగురిస్తాయి. టమాటాకు ఊతం అనుకున్నది వెదురు పొద అయి కూర్చుంటుంది.

లోపల బోలు తక్కువగా ఉండే సాదనపు వెదురు లాంటి రకాలు ఊతకర్రలకూ గుంజలకూ మేలు. బోలు ఎక్కువున్న లావు బొంగులు బద్దలకూ కాలువలకూ బాగుంటాయి.

నానబెట్టడం, ఆరబెట్టడం, మందు

పుచ్చు పురుగు వెదురును తినేది అందులోని పిండిపదార్థం కోసం. ఆ పిండి తగ్గితే పురుగు ఆశ తగ్గుతుంది. పాత పద్ధతిలో బొంగుల్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా, పైన బరువు పెట్టి, 4 నుంచి 12 వారాలు ఉంచుతారు. పారే నీళ్లయితే మంచిది. నిలవ నీళ్లలో కంపు కొడుతుంది, బొంగు నల్లబడుతుంది, కానీ పని జరుగుతుంది. దీనివల్ల పుచ్చు తగ్గుతుందే తప్ప చెదా బూజూ ఆగవు. నానబెట్టిన బొంగు చెద పట్టదని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా ఆనించి ఆరబెట్టాలి. నిలువుగా పెడితే పడుకోబెట్టిన దానికన్నా చాలా త్వరగా ఆరుతుంది, బూజూ తక్కువ. మొదలు కింద ఇటుకో రాయో పెట్టాలి. సన్నని కర్రలకు నెల చాలు, లావు బొంగులకు 2, 3 నెలలు కావాలి. తొందరపడి మండుటెండలో పడేస్తే పైపొర ముందే ఆరి ముడుచుకుని టపటపా పగులుతుంది.

మందు విషయంలో తోటకు ఒక చిక్కు ఉంది. వెదురుకు అందరూ చెప్పేది బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం. 95 లీటర్ల నీళ్లలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపితే 5 శాతం ద్రావణం వస్తుంది. నీళ్లు వేడిగా ఉంటేనే త్వరగా కరుగుతుంది. పొడవాటి ఇనప కమ్మీతో లోపలి కణుపు గోడలన్నీ పొడిచి, బొంగును పూర్తిగా ముంచి వారం నుంచి రెండు వారాలు ఉంచాలి. బయటి చర్మం మైనం పూసినట్టు ఉంటుంది, అందులోంచి మందు లోపలికి పోదు. కణుపులు పొడవకుండా నానబెడితే శ్రమంతా వృథా.

ఈ మందు పుచ్చునూ చెదనూ బాగా ఆపుతుంది. అయితే బోరాన్ నీళ్లలో కరిగిపోయేది. తడిమట్టిలో పాతినా, వాన నేరుగా పడినా మెల్లగా కారిపోతుంది. కారి పోయేది మీ మడిలోకే. మొక్కకు బోరాన్ చిటికెడు కావాలి, కాస్త మించితే విషం. ముదురు ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. చిక్కుడు జాతికీ నిమ్మజాతికీ ఇది బొత్తిగా పడదు. కాబట్టి బోరాన్ పెట్టిన బొంగును నేల తాకని వాసాలకూ, తడకలకూ, చూరు కింద ఉండే వాటికీ వాడండి, అదీ పైన నూనెగానీ వార్నిష్‌గానీ పూసి. మడిలో గుచ్చే ఊతకర్రలకు వద్దు. మిగిలిన ద్రావణాన్ని మరో బొంగుకు దాచుకోండి, చెట్ల మొదట్లో మాత్రం పారబోయకండి. కలిపేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి, డ్రమ్ముకు మూత ఉండాలి, పిల్లలకూ పశువులకూ అందకూడదు.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం చాలాచోట్ల అలవాటు. కూరగాయల తోటలో అది మానాలి. ఆ నూనెలోని లోహాలూ విష పదార్థాలూ మట్టిలో చేరి అక్కడే ఉండిపోతాయి. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన కలప మందులదీ అదే దారి.

పైపూతగా మరిగించిన అవిసె నూనె చాలు. ముందు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, లేకపోతే చర్మానికి ఏదీ పట్టదు. పలచగా రెండుసార్లు, మధ్యలో ఒకరోజు ఆరనిచ్చి పూయాలి. ఏటా ఒకసారి మళ్లీ. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయాలి.

కోయడం, బెజ్జం పెట్టడం

సన్నపళ్ల రంపం కావాలి. హాక్సా బ్లేడు సరిపోతుంది. కోసే గీత చుట్టూ టేపు చుట్టి, బొంగును తిప్పుతూ చుట్టూ కొద్దికొద్దిగా కోస్తూ రావాలి. ఒకే వైపు నుంచి కిందికంటా కోస్తే చివర్లో బొంగు చీరుకుపోయి పొడవాటి పెచ్చు లేస్తుంది.

పై కొసను ఎప్పుడూ కణుపుకు ఆనుకుని సరిగ్గా పైనే కోయాలి. కణుపుకు నాలుగు వేళ్లు పైన కోస్తే అదో గిన్నె అవుతుంది. వాన నీళ్లు నిలిచి, బొంగు లోపలి నుంచి కుళ్లుతుంది. దోమలు గుడ్లు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఇప్పటికే అలా కోసి ఉంటే, కణుపుకు కాస్త పైన పక్కనుంచి 5 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి, నీళ్లు కారిపోతాయి.

వెదురుకు మేకు కొట్టకూడదు. నార అంతా నిలువునా ఉంటుంది కాబట్టి మేకు దిగిన చోటి నుంచి కణుపు దాకా పగులుతుంది. స్క్రూ, బోల్టు ఏదైనా ముందు దాని మందానికి సరిపడా డ్రిల్లుతో బెజ్జం పెట్టి, కణుపుకు దగ్గరగా వేయాలి.

బద్దలు చీల్చడం కొస వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు సగం, మళ్లీ సగం, మళ్లీ సగం. మూడు ముక్కలు, ఐదు ముక్కలు అనుకుంటే చీలిక దారి తప్పుతుంది. ఒకవైపు పలచబడుతూ పోతుంటే మందంగా ఉన్న వైపును ఎక్కువ వంచండి, చీలిక అటు జరిగి సరిపడుతుంది. బద్ద అంచు కత్తి లాంటిదే. తోలు చేతితొడుగులు లేకుండా పట్టుకోవద్దు, అంచుల్ని కత్తి వీపుతో గీకేయాలి.

కట్టు

తోటలో కట్టిన వెదురు ఏదైనా ముందు వదులయ్యేది కట్ల దగ్గరే. గుంజకు అడ్డవాసం కట్టడం ఇలా. 4 మిల్లీమీటర్ల తాడు, ఒక్కో కట్టుకు రెండున్నర మీటర్లు. వాసం గుంజమీద కణుపుకు ఆనేలా పెట్టుకోండి, కణుపే దాన్ని జారనివ్వదు. వాసం కింద గుంజ చుట్టూ తాడును రెండు చుట్లు తిప్పి, కొసను రెండో చుట్టు కిందనుంచి లాగి బిగించాలి. తర్వాత తాడును వాసం ముందునుంచి పైకి, గుంజ వెనకనుంచి అటు, మళ్లీ వాసం ముందునుంచి కిందికి, గుంజ వెనకనుంచి ఇటు, ఇలా నాలుగు మూలలూ కలుపుతూ మూడు చుట్లు. ప్రతి చుట్టునూ ఒంటి బరువు వేసి లాగాలి.

చాలామంది ఇక్కడితో ముడి వేసి వదిలేస్తారు. అసలు బిగింపు తర్వాతి మెట్టులో ఉంది. అదే తాడును గుంజకూ వాసానికీ మధ్య సందులోంచి, వేసిన చుట్ల నడుముమీదుగా అడ్డంగా రెండు మూడుసార్లు తిప్పి లాగాలి. అప్పుడు ముందు వేసిన చుట్లన్నీ మధ్యకు నొక్కుకుని కట్టు రాయిలా అవుతుంది. ఆ తర్వాతే ముడి.

కొబ్బరి నార తాడు వెదురును గట్టిగా పట్టుకుంటుంది, ఒకటి రెండు సీజన్లు వస్తుంది. నైలాన్ నున్నగా ఉండి జారుతుంది, కాబట్టి ఒక చుట్టు ఎక్కువ వేయాలి. ఎండకు పెళుసుబారుతుంది కూడా. ఎక్కువ రోజులు ఉండాల్సిన చోట 18 గేజ్ జీఐ (జింకు పూత ఉన్న ఇనప) తీగను రెండు పేటలుగా మడిచి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టండి. సెంట్రింగ్‌కు వాడే నల్ల బైండింగ్ వైరు తుప్పుపట్టి త్వరగా తెగుతుంది. తీగను ఇంకో మెలి, ఇంకో మెలి అంటూ తిప్పితే బొంగు చిట్లుతుంది. తీగ బొంగుమీద కదలకుండా ఆగిందంటే చాలు.

కట్లకు వాడే బొంగు ఆరినదై ఉండాలి. పచ్చిబొంగు ఆరేకొద్దీ లావు తగ్గుతుంది, నెలా రెండు నెలల్లో ప్రతి కట్టూ చేత్తో తిప్పితే తిరుగుతుంది.

ఊతకర్రలు

మిరప, వంగ, పూలమొక్కలకు 12 నుంచి 15 మిల్లీమీటర్ల లావు, 90 సెంటీమీటర్ల పొడవు చాలు. పొడవుగా పెరిగే టమాటాకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల లావు, 2 మీటర్ల పొడవు ఉండాలి. అందులో 40 నుంచి 45 సెంటీమీటర్లు నేలలోకి పోవాలి. తీగ చిక్కుడుకు 2.4 మీటర్లు.

నాటే రోజే కర్ర గుచ్చేయాలి, మొక్కకు 8 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో. మొక్క వాలాక గుచ్చితే వేళ్లు తెగుతాయి. లావు వైపు కిందికి ఉండాలి, మొన చెక్కి ఉండాలి. నేల గట్టిగా ఉంటే ముందు గునపంతో బెజ్జం చేసి అందులో దించండి. పైనుంచి సుత్తితో బాదితే కొస చీలిపోతుంది.

మొక్కను కట్టేటప్పుడు మెత్తని గుడ్డ పేలికనో జనపనారనో ఎనిమిది అంకెలా తిప్పాలి. మెలిక కర్రకూ కాండానికీ మధ్యకు రావాలి. కర్ర దగ్గర బిగువుగా, కాండం దగ్గర వేలు దూరేంత వదులుగా. ముడి కర్రమీద కణుపుకు పైన వేస్తే బరువుకు కిందికి జారదు.

టమాటా వరస పొడవుగా ఉంటే ఒక్కో మొక్కకు ఒక్కో కర్ర అక్కర్లేదు. రెండు మొక్కలకొక కర్ర గుచ్చి, మొక్కలు 30 సెంటీమీటర్ల ఎత్తుకు రాగానే నేలకు 20 సెంటీమీటర్ల పైన మొదటి తాడు లాగండి. వరసకు ఒక పక్కగా పోయి, ప్రతి కర్రకూ ఒక చుట్టు తిప్పి, చివర తిరిగి రెండో పక్కగా రావాలి. మొక్కలు రెండు తాళ్ల మధ్య నిలుస్తాయి. మొక్క పెరిగేకొద్దీ ప్రతి 20 సెంటీమీటర్లకూ ఇంకో వరస. లాగుడంతా చివరి కర్రలమీదే పడుతుంది కాబట్టి ఆ రెండూ 35, 40 మిల్లీమీటర్ల లావువి పెట్టి బయటికి కాస్త వాల్చాలి. వరసలన్నీ ఒకేసారి పడిపోయాయంటే చాలావరకు ఆ చివరి కర్రే కారణం.

మడిమీద వంగి కలుపు తీసేటప్పుడు కర్ర కొస సూటిగా కంటికి తగులుతుంది. నిలబడినప్పుడు కనిపించే కర్ర వంగినప్పుడు చుక్కలా మారిపోతుంది, కన్ను దాన్ని పసిగట్టదు. కంటి ఎత్తు కన్నా పొట్టిగా ఉన్న ప్రతి కర్రకూ సీసా మూతో పాత బంతో తొడగండి.

ఈ సన్నకర్రలకు మందూ పూతా దండగ. అడుగు కుళ్లగానే ఆ 20 సెంటీమీటర్లు కోసేసి, కొత్త మొన చెక్కి, తర్వాతి సీజన్‌లో పొట్టి మొక్కకు వాడుకోవాలి. 2 మీటర్ల టమాటా కర్ర అలా తగ్గుతూ తగ్గుతూ మిరప కర్ర దాకా వస్తుంది.

దోస, కాకరలకు వాలు చట్రం

3 మీటర్ల మడికి రెండు వైపులా వాలుగా నిలిచే చట్రం ఇది. కావాల్సినవి: కాళ్లకు 2.4 మీటర్ల బొంగులు 6, లావు 30 నుంచి 35 మిల్లీమీటర్లు. వెన్నువాసానికి 3.3 మీటర్లది 1. ఏటవాలు ఊతాలకు 2.7 మీటర్లవి 2. తీగ పాకడానికి 15 సెంటీమీటర్ల కన్నాల వల, లేదా 3.3 మీటర్ల సన్నకర్రలు వైపుకు నాలుగు.

1. మడి రెండు పక్కలా 1.2 మీటర్ల ఎడంతో గీతలు గీసి, ప్రతి గీతమీద 1.5 మీటర్లకొకటి చొప్పున మూడు గుంతలు గునపంతో, లోపలికి వాలుగా చేయండి. లోతు 30 సెంటీమీటర్లు.

2. ఎదురెదురు కాళ్లు దించి, కొసలు ఒకదాన్నొకటి దాటేలా ఆనించి కట్టండి. ఎత్తు సుమారు 2 మీటర్లు వస్తుంది. కొసలు దాటినచోట చిన్న పంగ ఏర్పడాలి.

3. ఆ పంగల్లో వెన్నువాసం కూర్చోబెట్టి మూడుచోట్లా కట్టండి.

4. ఒక్కో వాలుమీద ఒక్కో ఊతాన్ని, ఒక కాలి మొదటి నుంచి పక్క కాలి పైకొస దాకా, ఏటవాలుగా కట్టండి. రెండు వైపులవీ ఎదురెదురు దిక్కులకు వాలాలి.

5. వల బిగించండి, లేదా 40 సెంటీమీటర్లకొక అడ్డకర్ర కట్టండి.

నాలుగో మెట్టు వదిలేస్తే చట్రం మొదటిరోజు బాగానే ఉంటుంది. తీగ నిండాక ఒక ఈదురుగాలికి మొత్తం పొడవు వెంట పక్కకు ఒరుగుతుంది. నాలుగు పక్కల ఆకారం ఎంత గట్టిగా కట్టినా మూలల దగ్గర తిరుగుతుంది, మూడు పక్కలది తిరగదు. మడి ఉత్తర దక్షిణాలుగా ఉంటే రెండు వాలులకూ ఎండ సమంగా అందుతుంది. వల కన్నం 15 సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే చెయ్యి దూరదు, కాయ ఇరుక్కుని వంకరపోతుంది.

పందిరి

సొర, పొట్ల లాంటి బరువు కాయలకు పందిరే సరైనది. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుకు లెక్క చూద్దాం. గుంజలు 6, లావు 60 నుంచి 75 మిల్లీమీటర్లు, 2 మీటర్లకొకటి. వాటిమీద పొడవునా 4.5 మీటర్ల దూలాలు 2, అడ్డంగా 2.5 మీటర్లవి 3, లావు 50 మిల్లీమీటర్లు. పైన 25 మిల్లీమీటర్ల సన్నబొంగులు పొడవునా నాలుగు, వాటి మధ్య తాడు అల్లిక. పందిరి కింద ఎత్తు 2.1 మీటర్లు ఉంటే కాయలు వేలాడినా మనిషి నడవగలడు.

గుంజను నేరుగా పాతేట్టయితే పొడవు 2.7 మీటర్లు ఉండాలి, అడుగు కంకర పోశాక కూడా గుంత 60 సెంటీమీటర్ల లోతు ఉండాలి. గుంత అడుగున జానెడు మందం కంకర, మీద గుంజ, చుట్టూ కంకర పోసి గట్టిగా కూరాలి. సిమెంటు పోస్తే బలం అనుకుంటారు. సిమెంటుకూ ఆరిన బొంగుకూ మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది, ఆ సందులోకి దిగిన నీళ్లు బయటికి పోవు. పాతే భాగానికి, నేలకు పైన 15 సెంటీమీటర్ల దాకా, తారు పూయవచ్చు. బొంగు పూర్తిగా ఆరి ఉండాలి, అడుగు కోతకూ పూయాలి. తడి బొంగుకు పూస్తే తడిని లోపలే బంధించినట్టు.

ఇంతకన్నా మంచి దారి గుంజను పాతకపోవడం. 12 మిల్లీమీటర్ల ఇనప కమ్మీని మీటరు ముక్కలుగా కోసి, గుంజ నిలిచే చోట సగం నేలలోకి దిగగొట్టండి. పక్కన చదును రాయి పరిచి, గుంజను (ఇప్పుడు 2.1 మీటర్లే చాలు) రాయిమీద నిలబెట్టి, కమ్మీకి జీఐ తీగతో రెండుచోట్ల కట్టండి. రాయి పైభాగం నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఇక కుళ్లు బాధ ఉండదు. చెద వచ్చినా దాని మట్టిదారి రాయిమీద, కమ్మీమీద కళ్లకు కనబడుతుంది, చీపురుతో దులిపేయవచ్చు. ఇలా నిలిపిన పందిరికి గుంజ పాతిన బిగువు ఉండదు కాబట్టి నాలుగు మూలలా గుంజకూ దూలానికీ మధ్య 60 సెంటీమీటర్ల ఏటవాలు ఊతాలు తప్పనిసరి.

దూలం కూర్చోవడానికి గుంజ తలమీద అర్ధచంద్రంలా గాడి కోయాలి. గాడి అడుగు కణుపుకు ఒక వేలు మందం పైన ఆగాలి. కణుపు ఆసరా లేని చోట గాడి కోస్తే దూలం బరువుకు గుంజ తల రెండుగా చీలుతుంది. గాడిలో నీళ్లు నిలవకుండా కణుపు పైన ముందు చెప్పిన బెజ్జం పెట్టండి.

దూలం పొడవు చాలకపోతే రెండు బొంగుల్ని 60 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా ఒకదానిమీద ఒకటి పడేలా చేర్చి, మూడుచోట్ల కట్టాలి. ఆ అతుకు గుంజమీదే రావాలి, గుంజల మధ్య గాలిలో కాదు.

దడులు, తడకలు

తడక అడుగు నేలకు నాలుగు వేళ్లు ఎత్తున ఆగాలి. మట్టికి ఆనిన ప్రతి బద్దా కిందనుంచి తడి పీల్చుకుంటుంది. కోళ్లు దూరతాయనుకుంటే ఆ సందులో ఒక వరస ఇటుక పేర్చండి. గుంజలు 1.5 నుంచి 2 మీటర్లకొకటి, అడ్డవాసాలు కనీసం రెండు. 1.5 మీటర్లు దాటిన ఎత్తుకు మూడు. బద్దలు చర్మం వైపు బయటికి, వాన కొట్టే దిక్కుకు ఉండాలి. లోపలి మెత్తని వైపు నీళ్లు పీల్చుకుంటుంది. దగ్గరగా అల్లిన తడక గాలికి అడ్డుగోడ అవుతుంది. గాలి ఎక్కువుండే చోట బద్దకూ బద్దకూ వేలు సందు వదలండి.

మడి అంచులు, కుండీలు, కాలువలు

మడి చుట్టూ వెదురు అంచు చూడముచ్చటగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలవదు. తడిమట్టి పొద్దస్తమానం ఆనుకుని ఉంటుంది కదా. 20 సెంటీమీటర్ల ఎత్తు లోపు, లోపలివైపు మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి, అరమీటరుకొక మేకుకర్ర కొట్టి పెట్టుకోవచ్చు. చీల్చని బొంగులు వద్దు, వాటి బోలులో చీమలూ నత్తలూ కాపురం పెడతాయి. అంతకన్నా ఎత్తు మడులకు ఇటుకో రాయో చూసుకోండి.

లావు బొంగు ముక్కలో చిన్న మొక్కలు పెంచవచ్చు. అడుగు కణుపుకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు పెట్టాలి. తడవడం, ఆరడంతో ఏడాది తిరిగేసరికి పగుళ్లు వస్తాయి, తీగతో పైనా కిందా చుట్టు బిగిస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

నీటి కాలువకు బొంగును సగానికి చీల్చి, లోపలి గోడలు ఉలితో తీసేసి, మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. లావు మొదలు ఎగువకు, సన్నకొస దిగువ బొంగు మొదట్లోకి దూరేలా పేర్చితే అతుకుల దగ్గర కారదు.

సీజన్ అయ్యాక

ఎండకు వెదురు బూడిదరంగుకు తిరగడం కుళ్లు కాదు, పైపొర రంగు మారడమే. కుళ్లు ఉందో లేదో తెలియాలంటే ఏటా వానలకు ముందు గుంజ మొదట్లో మట్టి కాస్త తీసి స్క్రూడ్రైవరుతో పొడవండి. మొన దిగితే గుంజ మార్చాలి.

కర్రలు పీకాక మట్టి గీకి, బ్రష్షుతో కడగాలి. టమాటాకు వచ్చే బాక్టీరియా తెగుళ్లు పాత కర్రలకు అంటిన మట్టితో, మొక్క ముక్కలతో మరుసటి ఏటికి దాటతాయి. ఇంట్లో వాడే బ్లీచు 1 వంతు, నీళ్లు 9 వంతులు కలిపి అరగంట ముంచి, కడిగి, ఎండబెట్టండి. మురికి ఉండగా బ్లీచులో ముంచినా ఫలితం ఉండదు. పగుళ్ల లోపలికి బ్లీచు పూర్తిగా చేరదు కూడా, కాబట్టి తెగులు వచ్చిన మడి కర్రల్ని టమాటా, మిరప, వంగలకు మళ్లీ వాడకుండా చిక్కుడుకో బీరకో మళ్లించండి.

ఆరాక కట్టలు కట్టి, కప్పు కింద, నేలకు పైన, గోడకు తగలకుండా పడుకోబెట్టాలి. పొడవాటి వాసాలకు రెండు చివరలా, మధ్యలో కూడా ఆధారం ఉండాలి, లేకపోతే వచ్చే ఏడాదికి విల్లులా వంగి ఉంటాయి. నెలకోసారి కట్ట కింద పిండి రాలిందేమో చూడండి. రాలితే ఆ కర్రను వెంటనే బయటికి తీసేయాలి.

పనికిరాని బొంగుల్ని, మందు పెట్టనివైతే, ముక్కలు చేసి కంపోస్టు గుంత అడుగున పరవచ్చు. గాలి ఆడుతుంది, నిదానంగా కుళ్లుతుంది. పుచ్చు పట్టినవాటిని కాల్చేట్టయితే ముందు ప్రతి కణుపు మధ్యా చీల్చాలి. మూసుకుని ఉన్న బొంగులో గాలీ ఆవిరీ వేడెక్కి టపాకాయలా పేలుతుంది, నిప్పులు మీదికి ఎగురుతాయి.